చుట్టయు వేళయు: తెనుగునాట ధూమవినోదమును గూర్చిన విచారణము

తెనుగునాట పొగాకు చరిత్రను వ్రాయువారు సామాన్యముగా రెండు మార్గముల ననుసరింతురు. కొందఱు దానిని వాణిజ్యపు పంటగా నెంచి ఎకరములను, ఎగుమతులను, ధరలను లెక్కింతురు. మఱికొందఱు దానిని దురభ్యాసముగా నెంచి వైద్యశాస్త్రమునకు విడిచిపెట్టుదురు. రెండు మార్గములును అవసరమైనవే. కాని వీని నడుమ ఒక ప్రశ్న మిగిలిపోవుచున్నది. పొగ త్రాగుట మనవారికి ఎన్నడైన ఒక వేళయు, ఒక మితియు గల వినోదముగా నుండెనా? ఉండినచో అది ఎవరికి, ఏ కాలమున, ఏ రూపమున నుండెను? ఈ వ్యాసమున మేమీ ప్రశ్నను విచారింపదలచితిమి.

ఈ ప్రశ్న మాకు గ్రంథాలయమున గాక కొండాపూర్‌లో నొక అంగడి ముందు తోచినది. కొండాపూర్ గోలకొండ కోటకు వాయవ్యదిశయందున్నది. ఒకనాడు పల్లెగా నుండిన ఈ చోటు, పొరుగుననున్న మాదాపురమున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, నగరముతో కలిసిపోయి కంప్యూటరు ఉద్యోగుల నివాసస్థానమైనది. (శాతవాహనకాలపు నాణెములకును, మట్టిబొమ్మలకును ప్రసిద్ధికెక్కిన కొండాపూర్ వేఱు, అది సంగారెడ్డి జిల్లాలోనిది. విద్యార్థులు ఈ రెంటిని ఒకటిగా భ్రమపడరాదు.) ఆ యంగడిలో గాజుతలుపుల పెట్టె యొకటి కలదు. అందు చెమ్మ ఆరిపోకుండునట్లు ఏర్పాటు చేసి, ఒక్కొక్కటిగా కాగితపు పట్టీలు తొడిగిన పొడవైన పొగచుట్టలను వరుసగా పేర్చియుంచిరి. ప్రక్కన పైపులో వేసి కాల్చు పొగాకు డబ్బాలును గలవు. మేము చూచుచుండగా ఒక యువకుడు వచ్చి ఒకే ఒకటి కొనెను. రెండు మూడు నెలలకొకమాఱు, తలపెట్టిన పని ముగిసిన రాత్రి మాత్రమే తాను కాల్చుదునని చెప్పెను. మేము అంగడివానితో "చుట్ట వెల యెంత?" అని యడిగితిమి. అతడు మర్యాదగానే, "అది చుట్ట కాదండీ, సిగార్" అని మమ్ము దిద్దెను.

అతని దిద్దుబాటు మాకు చాలదినములు మనసున మెదలుచుండెను. వస్తువు ఒకటియే: పొగాకును పొగాకులోనే చుట్టి కాల్చునది. కాని ఒకదానికి గాజుపెట్టె, మఱియొకదానికి ముసలివాని చెవిసందు. ఒకటి వినోదము, మఱియొకటి అలవాటు. ఈ భేదము వస్తువునందున్నదా, కాలమునందున్నదా, మనుష్యునియందున్నదా అని తేల్చుటకు చరిత్రను కొంత వెనుకనుండి చూడవలసియున్నది.

1. పొగాకునకు పూర్వము

పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు అనుచరులు క్యూబా దీవిలో జనులు ఆకుచుట్టలకు నిప్పంటించి పొగ పీల్చుట చూచిరి. అంతకుముందు భారతదేశమున ఈ మొక్క లేదు. కావున ప్రాచీన గ్రంథములయందు "ధూమపానము" అను పదము కనబడినంతనే దానిని పొగాకుగా భావించుట పొరపాటు.

ఐనను పొగను మితముగా పీల్చు పద్ధతి మనకు క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ధూమవర్తిని చేయు విధము సవిస్తరముగా నున్నది. సుగంధద్రవ్యములను నూఱి, ఆ ముద్దను రెల్లుపుల్లపై పూసి, బొటనవ్రేలి లావున, ఎనిమిది అంగుళముల పొడవున, నడుమ లావై చివరలు సన్నగిల్లి యవగింజ యాకారమున వచ్చునట్లు చేయవలెను. ఆఱిన పిదప పుల్లను తీసివేసి, నేతితో తడిపి, గొట్టమున నుంచి పొగ పీల్చవలెను. స్నానము, భోజనము, దంతధావనము, నిద్ర మొదలగువాని పిదప అని ఎనిమిది కాలములు చెప్పబడినవి. ఒక్కొక్కమాఱు ఎన్ని గ్రుక్కలు పీల్చవలెనో కూడ చెప్పబడినది. అకాలమున, అతిగా పీల్చినవానికి చెవుడు, గ్రుడ్డితనము, మూగతనము, రక్తపిత్తము, తలతిరుగుట కలుగునని హెచ్చరికయు నున్నది.

బాణుని కాదంబరిలో శూద్రకమహారాజు భోజనానంతరము ధూమవర్తిని సేవించి తాంబూలము గ్రహించును. ఇట్లు వైద్యమునకు చెందిన ఆచారము రాజభోగములలో నొకటిగా మాఱిన జాడ ఇచట గోచరించును. మన విచారణకు ముఖ్యమైన విషయ మేమనగా, పొగాకు రాకకు ముందే మన సంస్కృతియందు పొగకు ఒక కాలమును, ఒక మాత్రయు నియమింపబడియుండెను. ఆ నియమము వైద్యుడు పెట్టినది, రాజు పాటించినది. కూలివాడు పాటించినట్లు ఏ గ్రంథమును చెప్పదు.

2. రాక

పొగాకును భారతదేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారు. అది మొదట వ్యాపించినది దక్కనున. 1604 ప్రాంతమున అక్బరు పంపగా బిజాపురమునకు పోయి వచ్చిన అసద్ బేగ్ అను ఉద్యోగి, అచ్చట తాను చూచిన పొగాకును, రత్నములు పొదిగిన గొట్టముతో సహా చక్రవర్తికి కానుకగా సమర్పించెను. అక్బరు కుతూహలముతో కొంచెము పీల్చెను. రాజవైద్యుడు అడ్డుపడి, తమ వైద్యగ్రంథములలో పేరులేని వస్తువును ఏలినవారు సేవింపరాదనెను. అసద్ బేగ్ ఊరకుండక, లోకమున ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదిగానే యుండెనని వాదించెను. అక్బరు దాని నలవాటు చేసికొనలేదు. కాని సభలోని ప్రభువులనేకులు చేసికొనిరి. అతని కుమారుడు జహంగీరు 1617లో పొగత్రాగుటను నిషేధించెను. ఆ నిషేధము నిలువలేదనుటకు తరువాతి చరిత్రయే సాక్ష్యము.

ఈ వాదము సామాన్యమైనది కాదు. చరకుని కాలమునుండి పొగకు కాలమును, మాత్రను నిర్ణయించినవాడు వైద్యుడు. పొగాకు విషయమున వైద్యుని మాట మొదటి దినముననే ఓడిపోయినది. కాలమాత్రల నియమము లేకయే పొగాకు దేశమున ప్రవేశించినది.

తెనుగుతీరమున మచిలీపట్టణము గోలకొండ రాజ్యపు ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు తీరములయందు సంచరించిన థామస్ బౌరీ అను ఆంగ్లనావికుడు తాను చూచినదాని నొక గ్రంథముగా వ్రాసిపెట్టెను. అది 1905లో అచ్చుపడినది. ఈ తీరపు పేదవారు, అతని మాటలలో జెంటూలు, మలబారులు మున్నగువారు, ఆకును ఊరక చుట్టి, ఒక కొనకు నిప్పంటించి, రెండవ కొనను పెదవుల నడుమ నుంచుకొని, వేడిమి పెదవులకు తగులువఱకు కాల్చి పాఱవైతురని అతడు వర్ణించెను. పోర్చుగీసువారు దీనిని "చెరూటా" యందురని కూడ చేర్చెను. జెంటూ యనుమాట పాశ్చాత్యుల వాడుకలో మొదట హిందువులకెల్ల పేరై, ఈ తీరమున క్రమముగా తెనుగువారికే రూఢమైనదని విద్యార్థులెఱుగుదురు.

బౌరీ చెప్పిన దానిలో రెండంశములు గమనింపదగినవి. మొదటిది: అతని కంటికి ఇది పేదవారి పద్ధతి. హుక్కా కొనలేనివాడు, గొట్టము లేనివాడు, ఆకునే గొట్టముగా చేసికొనెను. రెండవది: వేడి పెదవికి సోకువఱకు కాల్చుట. వినోదార్థము కాల్చువాడు సగముననే విడిచిపెట్టగలడు. పెదవి కాలువఱకు విడువనివానికి ఆకు విలువైనదియై యుండవలెను, లేదా కోరిక తీవ్రమైనదియై యుండవలెను.

3. పదముల సాక్ష్యము

మన శాఖవారికి భాషాసాక్ష్యము ప్రియమైనది. కావున కొన్ని పదములను పరిశీలింతము.

"పొగాకు" అనునది తెనుగువారు స్వయముగా కల్పించుకొన్న సమాసము. తెలంగాణమున "తంబాకు" అను మాటయు వినబడును. కాని పొగాకు అన్ని ప్రాంతములవారి సొత్తు. క్రొత్తవస్తువునకు పరభాషాపదము నెరువు తెచ్చుకొనక, దాని పనిని బట్టి పేరుపెట్టిరనగా, అది త్వరగా ఇంటివస్తువైనదని ఊహింపవచ్చును. "చుట్ట" అనునది చుట్టు ధాతువునుండి వచ్చినది. 1852 నాటి బ్రౌను నిఘంటువున ఈ పదమునకు చుట్టబడినది, కుండక్రింది కుదురు అను అర్థములతోపాటు పొగచుట్ట యను అర్థమును గలదు. దీనికి సోదరపదమైన తమిళ "శురుట్టు" నుండియే ఆంగ్లమున "చెరూట్" పుట్టినదని నిఘంటుకారుల మతము. కిప్లింగు 1890లో మాండలేను గూర్చి వ్రాసిన గేయమున బర్మా యువతి చేత నున్నదియు ఈ చెరూటే. లోకమంతట తిరిగిన ఈ మాట మన తీరమున ఓడ యెక్కినది.

క్రియాపదములు మఱింత ఆసక్తికరములు. తెనుగున పొగను "త్రాగుదురు". చుట్టను "కాల్చుదురు" లేదా "త్రాగుదురు". పొగను పానీయముగా భావించుట సంస్కృతమున ధూమపానపదమునను, హిందీ ఉర్దూలలో "పీనా" యను క్రియయందును గలదు. పదునేడవ శతాబ్దపు ఆంగ్లేయులును పొగాకును "త్రాగుట" అనియే పలికిరి. "కాల్చు" అను క్రియ వేఱు. త్రాగుటయందు అనుభవించువాడు ప్రధానము. కాల్చుటయందు వస్తువు ప్రధానము. హుక్కాను ఎవరును కాల్చరు, త్రాగుదురు. చుట్టను మాత్రము తీరప్రాంతమున ఎక్కువగా కాల్చుదురు. ఈ భేదమును మేము నిర్ణయముగా గాక సూచనగా మాత్రమే చెప్పుచున్నాము. మాండలిక పదసేకరణము చేయు విద్యార్థులు ప్రాంతములవారీగా దీనిని పరీక్షింపదగును.

4. హుక్కా: వేళ గల పొగ

పైపునకు మనదేశమున సాటియైనవి చుంగాణి, చిలుము, హుక్కా. వీనిలో చిలుము బైరాగులదియు, గొల్లలదియు, హుక్కా సభలది. గోలకొండ, హైదరాబాదు ప్రభువుల యిండ్లలో హుక్కా అతిథిసత్కారమున నొక భాగము. దానికి నీరు నింపువాడు వేఱు, నిప్పు తెచ్చువాడు వేఱు. కూర్చుండుటకు తివాచి, మాటలాడుటకు తోడు కావలెను. త్రాగువాడు నడువలేడు, పని చేయలేడు. పొగ నీటిగుండ గుడగుడలాడుచు వచ్చువఱకు వేచియుండవలెను.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున నున్న బిదరీ హుక్కాకుదురులను చూచినవారికి ఈ విషయము స్పష్టమగును. తుత్తునాగమును, రాగిని కలిపి పోతపోసి, వెండితీగెలు పొదిగి, బీదరు కోటలోని మట్టితో నలుపెక్కించిన ఆ పాత్రలు పొగకొఱకు మాత్రమే చేయబడినవి కావు. వానిని సభ నడుమ నుంచి చూచుటయు వినోదమే. 1956 వఱకు బీదరు హైదరాబాదు రాజ్యమునకు చెందియుండెను. ఆ పనివారికి ఈ నగరపు ప్రభువులే పోషకులు.

ఇట్లు హుక్కా తన నిర్మాణముననే వేళను ఇముడ్చుకొన్నది. కాని ఆ వేళను కల్పించుటకు పదిమంది సేవకులు శ్రమించిరి. ప్రభువు విశ్రాంతి సేవకుని పనివేళయే.

5. లంకపొగాకు

హుక్కా దక్కను ప్రభువులదైనచో, చుట్ట గోదావరిది. గోదావరి పాయల నడుమ నున్న దిబ్బలను లంకలందురు. వఱదలు వచ్చినపుడు ఈ దిబ్బలపై క్రొత్త ఒండ్రుమట్టి పేరుకొనును. నీరు తీసిన పిదప ఆ మట్టిలో వేసిన పొగాకు మిక్కిలి ఘాటైనది. దానిని బ్యారనులలో మంటవేడిమితో ఆఱబెట్టరు. గాలికిని, ఎండకును ఆఱబెట్టి, పిదప కట్టలుగా పేర్చి మాగబెట్టుదురు. ఆ మాగుటయందు ఆకులోని చక్కెరలు చాలవఱకు నశించి, రంగు ముదిరి, వాసన యేర్పడును. క్యూబాలోని ఆకును ఘనముగా మాగబెట్టు పద్ధతికిని దీనికిని మూలసూత్రమొక్కటే.

లంకచుట్ట కీర్తి సముద్రములు దాటినది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అను ఆంగ్లోయిండియను నిఘంటువు "లంక" శబ్దమునకు ప్రత్యేకముగా స్థానమిచ్చి, గోదావరి దిబ్బలలో పండిన పొగాకుతో చేయబడి మద్రాసు రాజధానిలో మిక్కిలి మన్ననగొన్న ఘాటైన చుట్ట యని వివరించినది. కోనన్ డాయిల్ 1890లో వ్రాసిన "ది సైన్ ఆఫ్ ఫోర్" నవలలో షెర్లాక్ హోమ్సు, నూటనలువది రకముల పొగాకు బూడిదలను గూర్చి తానొక గ్రంథము వ్రాసితినని చెప్పుకొనును. హంతకుడు భారతదేశపు లంకచుట్టను కాల్చినాడని బూడిదను బట్టి తేల్చినచో, వెదకవలసిన వలయము ఎంత చిన్నదగునో చూడుమనును. లండను పాఠకునకు గోదావరి దిబ్బల పేరు వివరణ లేకయే తెలియునని రచయిత నమ్మెను. గోదావరి పొగాకు బర్మాకును ఎగుమతియై అచ్చటి చుట్టలకు పనికివచ్చెను. అచ్చటికి కూలికై పోయిన తెనుగువారిని కోరంగివారని పిలుచుటయు మన రేవు పేరును బట్టియే.

కావున కొండాపూర్ అంగడివాని దిద్దుబాటు చరిత్రకు తలక్రిందైనది. నూటముప్పది యేండ్ల క్రిందట ఆంగ్లేయుడు మన చుట్టను దాని ఊరిపేరుతో అడిగి కొనుచుండెను. నేడు మన నగరమున మన మాటయే ఆ వస్తువునకు తగనిదైనది.

6. గిరీశము శాస్త్రము

చుట్టను వినోదముగా సమర్థించిన మన సాహిత్యపాత్రలలో గిరీశమునకు సాటి లేడు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో విస్తృతమైన రూపమున వెలువడినది. అందు శిష్యుడు వెంకటేశము, తన కీ గురువువలన అబ్బిన విద్య చుట్ట కాల్చుట యొక్కటేయని వాపోవును. గురువు తడబడడు. దొరల గొప్పదనమునకు చుట్టయే కారణమని, ఆవిరియంత్రము వంటివి దానివలననే కనిపెట్టబడినవని చెప్పును. అంతటితో తృప్తిపడక, గరుత్మంతుడు అమృతము తెచ్చుచుండగా చుక్క యొకటి నేలబడి పొగచెట్టయినదను చాటుపద్యము చదివి, దానిని బృహన్నారదీయమునకు అంటగట్టును.

తరగతిలో ఈ ఘట్టము చదివినపుడు అందఱును నవ్వుదురు. ఆ నవ్వు ముగిసిన పిదప ఉపాధ్యాయుడు విద్యార్థులకు చూపవలసిన దొకటి కలదు. గిరీశము మూడు వాదములు చేసెను: ఇది నాగరికుల లక్షణము, ఇది బుద్ధిని పదునుపెట్టును, ఇది శాస్త్రసమ్మతము. లోకమున పొగాకు నమ్మినవారెల్ల ఈ మూడింటినే తిప్పితిప్పి చెప్పిరి. సిగరెట్టు ప్రకటనలలో గుఱ్ఱపురౌతును, తెల్లకోటు ధరించిన వైద్యుని చూపిన అమెరికా కంపెనీలును క్రొత్తగా చెప్పినది లేదు. గురజాడ నవ్వించుటకు వ్రాసిన దానిని వర్తకులు గంభీరముగా చెప్పిరి.

మఱియొక సూక్ష్మము. గిరీశము చుట్ట కాల్చునది తీరికగల వేళలయందు. అతనికి ఉద్యోగము లేదు, బాధ్యత లేదు. అతని చుట్ట ఖర్చులకు సొమ్ము ఇతరులది. వినోదమునకు కావలసిన తీరిక అతనికి అప్పుగా దొరకినది.

7. సిగరెట్టు

చుట్టను త్రోసివేసినది నీతిబోధ కాదు, యంత్రము. అమెరికాలో జేమ్సు బాన్సాక్ 1881లో సిగరెట్లు చుట్టు యంత్రమునకు హక్కు పొందెను. అంతవఱకు చేతితో చుట్టుచుండిన దానిని యంత్రము వేలకొలది చుట్టసాగెను. భారతదేశమున ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1910లో ఏర్పడినది. దానికి ఆకు సమకూర్చుటకై 1912లో గుంటూరు మండలమున ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పని మొదలుపెట్టెను. క్రమముగా గుంటూరు నల్లరేగడి భూములలో వర్జీనియా పొగాకు వ్యాపించినది. హైదరాబాదున వజీర్ సుల్తాన్ పొగాకు సంస్థ 1930లో లిమిటెడ్ కంపెనీయై, చార్మినార్ పేర సిగరెట్లను దక్కనంతట ప్రసిద్ధము చేసెను. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము నెలకొల్పబడినది.

చుట్టకును సిగరెట్టునకును భేదము ఆకారముననే కాదు. వర్జీనియా ఆకును బ్యారనులలో వేడిగొట్టముల నడుమ త్వరగా ఆఱబెట్టుదురు, చక్కెరలు నిలుచును, దాని పొగ కొంత ఆమ్లగుణము కలది, గొంతునకు మెత్తనిది. అట్టి పొగనుండి నికొటిను నోటిలో అంతగా ఇంకదు. ఊపిరితిత్తులకు పీల్చినగాని ఫలము లేదు. పీల్చినచో కొద్ది క్షణములలోనే మెదడునకు చేరును. మాగబెట్టిన చుట్టయాకు పొగ క్షారగుణము కలది. అది ఘాటైనది, పీల్చనక్కఱలేదు, నోటి లోపలి పొరనుండియే నికొటిను మెల్లగా ఇంకును.

వేళను గూర్చిన మన ప్రశ్నకు ఇది కీలకమైన సమాధానము. పెద్ద చుట్టను కాల్చుటకు ముప్పావుగంట కావలెను. సిగరెట్టునకు అయిదారు నిముషములు చాలును. కచేరీలో, కర్మాగారములో, రైలుబండిలో రెండు పనుల నడుమ నున్న చిన్నసందున ఇముడునది సిగరెట్టు. అది వేళను కోరదు; అందుచేతనే అన్ని వేళలను ఆక్రమించినది. చుట్టయందును పైపునందును మిగిలిన "అప్పుడప్పుడు" అను గుణము, చాలవఱకు, వానికి పట్టు కాలమువలన వచ్చినది.

8. అడ్డపొగ

ఇంతవఱకు చదివినవారు, చుట్ట స్వభావముననే మితమైనదని తలంపవచ్చును. మేమును ఈ విచారణ మొదలుపెట్టినపుడు అట్లే తలంచితిమి. కాని శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల సాక్ష్యము ఆ తలంపును నిలువనీయదు.

ఆ తీరగ్రామములలో శ్రమజీవులైన స్త్రీలు చుట్టను వెలిగించి, వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని కాల్చుదురు. దీనికి అడ్డపొగ యని పేరు. గాలికి నిప్పాఱదని, బూడిద చేతనున్న పనిపైనను, చంకనున్న బిడ్డపైనను రాలదని వారు కారణములు చెప్పుదురు. చేతులకు తీరిక లేనివారు కనిపెట్టిన పద్ధతి యిది. చుట్టకొఱకు పని ఆగదు. పనిలోనే చుట్ట కాలును. నోటిలోనే చల్లార్చి, దాచి, మరల వెలిగించుటయు కలదు.

దీని ఫలము అంగిటిపై పడినది. విశాఖపట్టణపు వైద్యులు ఈ స్త్రీలలో అంగిటి పుండ్లును, క్యాన్సరును తఱచుగా కనుగొనిరి. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్త మొదలగువారు 1971లో ప్రకటించిన పరిశోధనమునకు 10,169 మంది గ్రామీణులను పరీక్షించిరి. అంతమందిని ఇంటింటికిపోయి పరీక్షించిన ఆ వ్యాసము అడ్డపొగను ప్రపంచ వైద్యసాహిత్యమున ఆంధ్రదేశపు పేరుతో నిలిపినది. లంకచుట్ట కీర్తి తెచ్చిన తీరమునకే ఈ అపకీర్తియు వచ్చినది.

ఇచట చుట్టయందు వేళ లేదు, మితి లేదు, వినోదము పేరునకు కూడ లేదు. ఆకు అదియే; మాగుట అదియే; చుట్టుట అదియే. కాల్చువారికి తీరిక మాత్రము లేదు. కావున వేళ యనునది చుట్టలో నుండు గుణము కాదు. దీర్ఘమైన చుట్టయైనను, తీరిక గలవానికే వేళను తెచ్చిపెట్టును. తీరిక లేనివానికి అది దినమంతయు సాగును.

మా బాల్యమున గోదావరి ప్రాంతపు వృద్ధుడొకడు మా వీథిలో నుండెను. పగలంతయు సగము కాలిన చుట్ట అతని చెవిపై నుండెడిది. సంధ్యవేళ అరుగుపై కూర్చుండి, దానిని మరల వెలిగించి, చివరివఱకు కాల్చి, లేచిపోయెడివాడు. ఆ పగలంతయు చెవిపై నుండినది అలవాటో నిగ్రహమో మాకు నేటికిని తేలలేదు. బహుశః రెండును.

9. మరల కొండాపూర్

ఈ సాక్ష్యములన్నిటిని ఒకచోట చేర్చి చూతము. చరకుని ధూమవర్తికి వేళను వైద్యుడు పెట్టెను. హుక్కాకు వేళను సేవకులు కల్పించిరి. గిరీశమునకు వేళ ఇతరుల సొమ్మున దొరకెను. కొండాపూర్ యువకునకు వేళ అతని జీతమువలన, పని ముగిసిన రాత్రివలన వచ్చినది. బౌరీ చూచిన పేదవానికిని, శ్రీకాకుళపు స్త్రీకిని వేళను ఇచ్చినవారెవరును లేరు. ధూమవినోద చరిత్ర యనునది, నిజమునకు, తీరిక చరిత్ర. చుట్టయు సిగారును వేఱని అంగడివాడు పలికినపుడు, అతడు తనకు తెలియకయే రెండు రకముల తీరికను వేఱుచేసెను.

వినోదమునకు మితి యున్నచో హాని లేదా యని విద్యార్థులడుగుదురు. దీనికి చరిత్రకారుడు గాక వైద్యుడు సమాధానము చెప్పవలెను. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1998లో సిగార్లను గూర్చి ప్రత్యేకగ్రంథమును ప్రకటించినది. పొగను లోనికి పీల్చనివారికిని నోరు, గొంతు, అన్ననాళములయందు క్యాన్సరు ప్రమాదము హెచ్చునని అది తేల్చినది. ఆ లెక్కలు ముఖ్యముగా ప్రతిదినము కాల్చువారివి. రెండు నెలలకొకమాఱు కాల్చువాని ప్రమాదము అంతకంటె తక్కువయై యుండును. కాని తక్కువయనుట లేదనుట కాదు. ఇతరుల పొగను పీల్చువారికి ఆ మితియు వారి చేతిలో లేదు.

రాజ్యము ఈ విషయమున క్రొత్త వైద్యునివలె ప్రవర్తించుచున్నది. 2003 నాటి కేంద్రచట్టము పదునెనిమిదేండ్ల లోపువారికి పొగాకు అమ్ముటను, విద్యాలయములకు నూఱు గజముల లోపల అమ్ముటను నిషేధించినది. బహిరంగస్థలములలో పొగత్రాగుటను గూర్చిన కఠినమైన నియమములు 2008 అక్టోబరు 2న అమలులోనికి వచ్చినవి. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో ఆ చట్టమును సవరించి హుక్కాకేంద్రములను నిషేధించినది. గోలకొండ నీడన మూడువందలేండ్లు సభలలో వెలిగిన హుక్కా, అదే నీడన అంగడివస్తువై, యువకులను దినదినము రప్పించుకొని, చివరకు చట్టమునకు గుఱియైనది. వేళ గల పొగ వేళను పోగొట్టుకొన్న కథయే ఇదియు. జహంగీరు నిషేధమునకు కలిగిన గతి దీనికిని కలుగునో లేదో కాలము చెప్పవలెను.

మా నిర్ణయములు మూడు. ఒకటి: చుట్టయు సిగారును ఒకే వస్తువు, లోకమునకు ఒక పేరును, ఒక రుచిని ఇచ్చిన తెనుగుతీరపు చేతిపనిని హీనముగా చూచుట అజ్ఞానము. రెండు: "అప్పుడప్పుడు" అనునది వస్తువు గుణము కాదు, తీరిక గుణము, దానిని సంస్కారమని పొగడువారు, ఆ తీరిక లేని స్త్రీల అంగిళ్లను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. మూడు: పొగాకును ప్రశంసించుటకు గాని నిందించుటకు గాని ముందు దాని మాటలను పోగుచేయవలసియున్నది. లంకలలో ఆకు మాగబెట్టినవారు, చుట్టలు చుట్టినవారు, అడ్డపొగ త్రాగినవారు వృద్ధులగుచున్నారు. ఆకు తరగతులకు, మాగుటలోని దశలకు, చుట్టుటలోని చేతివాటమునకు వారికి గల పేర్లు నిఘంటువుల కెక్కలేదు. మన శాఖ విద్యార్థులలో ఒకరిద్దఱైన గోదావరి లంకలకును, శ్రీకాకుళపు తీరగ్రామములకును పోయి ఆ పదములను వ్రాసికొని వచ్చినచో, ఈ వ్యాసమున మేము సూచనగా విడిచినవి కొన్ని నిర్ణయములగును, కొన్ని తప్పులని తేలును. రెండును మాకు సమ్మతమే.

ఆ యంగడికి మేము మఱియొకమాఱు పోయితిమి. ఈ మాఱును "చుట్ట" అనియే అడిగితిమి. అంగడివాడు నవ్వి, తన తాతగారు కాల్చెడివారని, ఆ వాసన తనకింకను గుర్తున్నదని చెప్పెను. ఆయన ఏ ఊరివారని మేమడిగితిమి. గోదావరి లంకలలోని ఊరి పేరొకటి చెప్పెను. గాజుపెట్టెలో ఆ ఊరి ఆకు లేదు.